సీసా మారింది, మందు మారలేదు

వేదిక మీది పెద్దలకి, గొల్ల కురుమ సోదరులకి, వెనక నిలబడ్డ అమ్మలకి నమస్కారం. కొత్త సంఘ భవనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. భవనం బాగుంది. నేను గొర్రెల కడుపులో పురుగులకి తాగించే నట్టల మందు గురించి మాట్లాడతా.

మొన్న శ్రావణంలో ఒకాయన ఫోన్ చేశాడు. "డాక్టర్ సాబ్, ఫెన్‌బెండజోల్ తాగించినా దవడ కింద నీరు దిగుతనే ఉంది. మందు మార్చిన." ఏం మార్చావయ్యా అంటే ఆల్బెండజోల్ అన్నాడు. షాపులో అదే ఇచ్చారట! సీసా మారింది, ధర మారింది, మందెక్కడ మారింది? రెండూ ఒకే కుటుంబం. ఒకదానికి చావడం మానేసిన నట్ట సాధారణంగా రెండోదానికీ చావదు. వాటి పెద్దన్న థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కే అమెరికాలో గొర్రెల నట్టలు దానికి లొంగడం లేదని రాశారు. మూడేళ్లు!

అలా దవడ కింద నీరు దించే ఈ హీమాంకస్ నట్ట గొర్రె నాలుగో పొట్టలో కూర్చుని రక్తం తాగుతుంది. ఒక్కోటి రోజుకి 0.05 మిల్లీలీటర్లు. ఏమంత అంటారా? 5,000 నట్టలుంటే పావు లీటరు. ముప్ఫై కిలోల గొర్రె ఒంట్లో మొత్తం రక్తమే రెండు లీటర్లు.

తమ్ముడూ, మైక్ కీచుమంటోంది, కాస్త చూడు.

ఇక డోసు. ఫెన్‌బెండజోల్ కిలోకి 5 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల పిల్లకి 100, నలభై కిలోల పొట్టేలుకి 200. మనవాళ్లు అన్నిటికీ పిల్లకి సరిపోయే ఒకటే గీత దాకా పోస్తారు. సగం డోసు తాగిన పొట్టేలులో బతికిన నట్టలే గుడ్లు పెట్టి మీ మేత నేలంతా నింపుతాయి. నేను కొలువులో ఉన్నప్పుడు ఒక క్యాంపులో కాటా కావాలని అడిగాను. పై అధికారి, "సీసాలు ఖాళీ అయ్యాయా? అది రాయి చాలు" అన్నాడు. ఆ కోపం ఇంకా పోలేదు, పోదు కూడా.

కంటి కింది రెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉంటే ఆ గొర్రెని వదిలేయండి, పాలిపోతే తాగించండి. దక్షిణాఫ్రికాలో రంగుల కార్డు పెట్టి కాపరులకి నేర్పింది ఇదే. సూడి కట్టిన మొదటి నెలలో మాత్రం ఆల్బెండజోల్ వద్దు. అమ్మా, ఇది మీరు గుర్తుపెట్టుకోండి, మగాళ్లు మర్చిపోతారు.

అధ్యక్షా, ఈ భవనంలో ఒక కాటా పెట్టించండి. మందలో అన్నిటికన్నా బరువైనదాన్ని తూచి, దాని లెక్కన పోయండి. కాటా ఎవరింట్లో ఉండాలని మాత్రం కొట్లాడుకోకండి.