‘మనం’ మధ్యలో ఎక్కడ పోయింది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను.

తక్కువ వనరులున్న, అంటే యంత్రానికి నేర్పడానికి రాతలు చాలని, మన భాషలకు యంత్రానువాదం అన్నది అంశం. అనువదించే నమూనాల (మోడళ్ల) గురించి చెప్పాలి గానీ, ముందు ఒక్క సర్వనామం సంగతి తేలాలి.

తెలుగులో మనం, మేము రెండే. జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ వైపు సంతాల్ ఆదివాసీల భాష సంతాలీలో నాలుగు. నువ్వూ నేనూ అయితే ‘ఆలాఙ్’. నిన్ను వదిలి మేమిద్దరం ‘ఆలిఞ్’. నీతో సహా అందరం ‘ఆబో’. నిన్ను వదిలి మేమంతా ‘ఆలే’. తెలుగు–సంతాలీ జంట వాక్యాలు చాలవని మధ్యలో ఇంగ్లీషును పెడతారు. అక్కడ అన్నీ ‘వి’ (we) అయిపోతాయి. ‘మనం నీళ్లు కాచి తాగాలి’ అని ఆరోగ్య కార్యకర్త అంటే, అటువైపు ‘ఆలే’ వచ్చిందనుకోండి: మేం తాగుతాం, మీ సంగతి మీరు చూసుకోండి! తెలుగు ఇచ్చింది, సంతాలీ అడిగింది, మధ్యవర్తి మింగాడు. పైగా సంతాలీలో కర్త గుర్తు క్రియకు ముందు మాట చివర కూడా అంటుకుంటుంది, కాబట్టి తప్పు రెండు చోట్ల.

ఇది స్కోరులో కనబడదా అంటారు. యంత్రానువాదానికి మార్కులేసే బ్లూ (BLEU) స్కోరు 2002లో వచ్చింది; మనిషి అనువాదంతో మాటల వరసలు ఎన్ని కలిశాయో లెక్కపెడుతుంది. సర్వనామానికీ ఊతపదానికీ దానికి ఒకటే బరువు. రెండు వందల భాషల పరీక్ష వాక్యాల సమితి ఫ్లోరెస్-200లో సంతాలీ ఉంది, నిజమే. కానీ ఆ వాక్యాలు పుట్టింది ఇంగ్లీషులో. తెలుగు వైపూ అనువాదమే, సంతాలీ వైపూ అనువాదమే. మనం–మేము తేడా అందులోకి ఎలా వస్తుంది, మీరే చెప్పండి?

అందుకే యంత్రానికి శిక్షణ ఇచ్చే ముందు దానికి పరీక్ష తయారుచేయండి. తెలుగులో పుట్టిన అయిదు వందల వాక్యాలు చాలు. ప్రతిదాని పక్కన ఎవరు, ఎవరితో, ఎంతమంది అని రాయాలి. ఇద్దరు సంతాలీ వాళ్లు విడివిడిగా అనువదించాలి. సర్వనామాల మార్కు వేరుగా వేయండి. శిక్షణ పాఠంలోంచి ఈ వాక్యాలను, ఒకటి రెండు మాటలు మారిన వాటి నకళ్లతో సహా తీసేయండి.

లిపి సంగతి త్వరగా చెబుతాను. సంతాలీని దాని సొంత లిపి ఓల్ చికిలోనూ, దేవనాగరి, బెంగాలీ, ఒడియా లిపుల్లోనూ రాస్తారు. ఏ లిపిదో గుర్తు పెట్టి ఉంచండి, గుడ్డిగా మార్చకండి. తెలుగు వైపు అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే (ZWNJ) గుర్తు ఒకే మాటను యంత్రానికి రెండు వేర్వేరు మాటలుగా చూపిస్తుంది, దాన్ని ముందే సరిచేయండి.

వెనుక అనువాదంతో, అంటే ఉన్న సంతాలీ వాక్యాలను యంత్రంతో తెలుగులోకి తిప్పి జంటలు చేసి, డేటా పెంచుతారా, పెంచండి. మనిషి రాసిన సంతాలీ మాత్రం ఫలితం వైపే ఉండాలి. యంత్రం రాసిన తెలుగు మూలం వైపు ఉన్నా నష్టం తక్కువ. అయితే ఆ తెలుగును కూడా ఇంగ్లీషు మీదుగా తెప్పిస్తే, మళ్లీ మొదటికొచ్చాం.