ఎర్రచందనం మాను ఎర్రగా ఉండదు సామీ, ఆ స్లైడర్ మీద నుంచి చెయ్యి తీయండి!

ఎర్రచందనం మాను ఎర్రగా ఉండదు. మళ్లా చెప్తాండా, బాగా వినండి. నిలబడి ఉండే ఎర్రచందనం చెట్టు మాను ఎర్రగా ఉండదు!

ఆ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. సీమ ఫోటో గ్రూపులన్నింట్లో తిరుగుతాండాది గదా. మొదలు నుంచి కొమ్మ దాకా మాను మంట ఎరుపు, కింద "మన శేషాచలం సంపద" అని రాత. ఒకాయన కామెంట్లో "అన్నా, ఇది ఎడిటింగు" అన్నాడు. అంతే, అందరూ ఆయన మీద పడినారు. "నువ్వు ఎప్పుడన్నా అడవి మొగం చూసినావా" అంట! చూసింది ఆయనొక్కడే అని నేనంటాండా.

బెరడు సంగతి చెప్తా. ఎర్రచందనం బెరడు నలుపు కలిసిన గోధుమరంగు. నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, పలకలు పలకలుగా ఉంటాది, అచ్చం మొసలి వీపు. మరి ఎరుపు యాడుండాది? లోపల. బెరడు కింద తెల్లటి కర్ర, ఆ లోపల చేవ. ఎరుపంతా ఆ చేవలో ఉండాది. బెరడుకు గాటు పడితే ఎర్రటి జిగురు కారుతాది, అది నిజమే. కారిన చార వరకే ఎరుపు, మాను మొత్తం కాదు.

జనానికి ఎరుపెందుకు కనపడుతాంది మరి? నా లెక్క నేను చెప్తా, నచ్చకుంటే కామెంట్లో తిట్టండి. మనోళ్లు చెట్టును చూడలేదు, దుంగను చూసినారు. టీవీలో పట్టుకున్న దుంగలు వరసగా పేర్చి చూపిస్తారు గదా. స్మగ్లర్లు బెరడూ తెల్లకర్రా చెక్కేసి చేవ ఒక్కటే మోసుకొస్తారు కాబట్టి అది ఎర్రగా ఉంటాది. సినిమాల్లో చూపించేదీ దుంగనే. ఆ దుంగ రంగు తెచ్చి బతికుండే మాను మీద పూస్తాండారు. గొడ్డలోడు బెరడు ఒలిచి ఎరుపు చూస్తాడు, మనోడు స్లైడరుతో ఒలిచి ఎరుపు చూస్తాండాడు. ఏమన్నా తేడా ఉండాదా?

ఇందులో సగం తప్పు కెమెరాది కూడా. లోపల వెలుతురు కొలిచే మీటరుకు చెట్టేందో, బెరడేందో తెలీదు. ముందర ఏమున్నా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తాది. నల్లటి బెరడు ఫ్రేము నిండా పెడితే చీకటి అనుకొని వెలుతురు పెంచేస్తాది. నల్ల మాను కాస్తా పాలిపోయిన గోధుమరంగుకు దిగుతాది. ఫోన్లో హెచ్‌డీఆర్, అంటే నీడనూ ఎండనూ సమం చేసే పద్ధతి, ఉంటే పగుళ్లలో నీడను కూడా లేపి చదును చేస్తాది. ఆ నలుపే పోతే ఇంక పగులు లోతు యాడ కనపడుతాది? ఫోటో చప్పగా వస్తాది. మనోడు వెంటనే శాచురేషన్ స్లైడర్, అంటే రంగు చిక్కదనం పెంచేది, ప్లస్ 40 కొడతాడు. గోధుమరంగులో ఎంతో కొంత ఎరుపు, నారింజ దాగి ఉంటాయి గదా, అవి రెండూ ఎగిరి కూర్చుంటాయి. దానికి సాయంత్రం ఎండ తోడైతే ఇంక చెప్పే పని లేదు.

ఎవరూ గమనించని నష్టం ఇంకొకటి ఉండాది. ఎరుపు అట్ల లాగితే రెడ్ చానల్, అంటే ఫోటోలో ఎరుపు లెక్క, 255 అనే చివరి అంకె దగ్గర గోడకు కొట్టుకొని ఆగిపోతాది. పక్కపక్క పలకలకు మధ్య తేడా చచ్చిపోతాది. ఆ ఫోటోను జూమ్ చేసి మాను నడుమ చూడండి, పలకల అంచులు యాడా లేవు, ఎర్ర ముద్ద ఒక్కటే. అందుకే లైట్‌రూమ్‌లో హిస్టోగ్రామ్, అంటే యాడ ఎంత వెలుతురుందో చూపించే గీతల పటం, చూసేటప్పుడు మూడు రంగులూ విడివిడిగా చూడాల. మొత్తం మీద బాగున్నట్లే అనిపిస్తాది, ఎర్ర గీత మాత్రం కుడి అంచుకు అతుక్కొని ఉంటాది.

దీనికి మందు తీసేటప్పుడే ఉండాది. ఎర్రచందనం, నల్లమద్ది, నల్లతుమ్మ, ఇట్లాంటి నల్ల బెరళ్లకు ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఫోన్లో అయితే మాను మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగడమే. తెల్లమద్ది, నల్లమలలో తపసి జిగురు తీసే చెట్టు, వీటికి తలకిందులు. ప్లస్ 0.7 ఇయ్యకుంటే తెలుపు బూడిదవుతాది.

వెలుతురు మాట వింటే ఎడిటింగు పని సగం తగ్గుతాది. ఎండ మాను మొగాన నేరుగా పడితే పగుళ్లలో నీడ ఉండదు. పక్క నుంచి బెరడును గీసుకుంటా పోవాల. మన కడప, అనంతపురం ఎండలకు వేసవిలో ఉదయం 6:30 నుంచి 8 లోపల పని ముగించాల. ఆ తర్వాత ఎండ పైకెక్కి ఆకుల సందున మచ్చలు మచ్చలుగా పడతాది, ఆ మచ్చలు తీసే స్లైడర్ ఇంకా పుట్టలేదు. గట్టి నీడలో మాను ఉంటే టార్చి వాడండి. పక్కనోళ్లకిచ్చి, వెలుతురు బెరడును గీసుకుంటా పోయేటట్ల పక్క నుంచి కొట్టించండి. ఒక్కో పలక అంచు లేచి నిలబడతాది. మరీ దగ్గర పెడితే వెలుతురు పడిన చోటు తెల్లగా కాలిపోతాది, రెండు జానలు ఎడం ఉంచండి.

అల్ట్రావైడ్ వద్దప్పా! దగ్గరికి పోయి అది పెడితే మొదలు లావు, పైన పుల్ల. 2 మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి, ఫోను మానుకు సమాంతరంగా పట్టండి. కెమెరా ఉండేవాళ్లు ఎఫ్8, ఐఎస్‌ఓ 100, ట్రైపాడు, 2 సెకన్ల టైమరు. మాను యాడికీ పోదు, షట్టరు 1/15 అయినా నష్టం లేదు. లెన్సు నోరు బాగా తెరిచి ఎఫ్1.8లో తీస్తే, మాను గుండ్రం గదా, నడుమ ఒక్కటే షార్పు, రెండు పక్కలా మసక.

ఎడిటింగుకు స్నాప్‌సీడ్ యాప్ చాలు, డబ్బు కట్టే పని లేదు. ముందు ఫోను డిస్‌ప్లే సెట్టింగులో వివిడ్ ఉంటే నేచురల్‌కు మార్చండి. వివిడ్‌లో అన్ని రంగులూ అబద్ధం చెప్తాయి. మొదట వైట్ బ్యాలెన్సు, అంటే తెలుపు తెల్లగానే కనపడేటట్ల సరిచేసేది. తీసేటప్పుడే బెరడు పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో కొట్టుకొని ఉంటే, దాంట్లో కాగితం మీద డ్రాపరు పెట్టి, వచ్చిన అంకెలే అసలు ఫోటోకు ఇయ్యండి. నీడలో తీసింది నీలంగా ఉంటాది, ఆకుల కింద తీసింది పచ్చగా ఉంటాది. పచ్చదనం పోవాలంటే టింట్‌ను మెజెంటా వైపు కొంచెం జరపాల. తర్వాత కర్వ్స్‌లో గీత కింది భాగాన్ని ఒక్క పిసరు దించితే పగులు నలుపు వెనక్కి వస్తాది. స్ట్రక్చర్, అంటే గరుకుదనం ఎత్తి చూపేది, ప్లస్ 15 దాటొద్దు. దాటితే ఆకాశానికి ఆనుకున్న మాను అంచు చుట్టూ తెల్లటి గీత మొలుస్తాది, చూడండి. షార్పెనింగు చివర్లో, 10 చాలు. శాచురేషన్ సున్నా. మీ చెయ్యి ఊరుకోకుంటే మైనస్ 5 చేసుకోండి!

తిమ్మమ్మ మర్రిమాను గతి కూడా ఇదే. 1989లో గిన్నిస్‌కెక్కిన చెట్టు, కదిరి దగ్గర దాదాపు 5 ఎకరాల మీద పరుచుకొని ఉండాది. పోయినోళ్లందరూ 5 ఎకరాలనూ ఒక్క ఫ్రేములో ఇరికించాలని చూస్తారు. వచ్చేది ఏంది? నడుమ చీకటి, చుట్టూ తెల్లగా కాలిన ఆకాశం, ఊడలన్నీ ఆకుల పచ్చతో పాచి పట్టినట్ల. ఒక్క ఊడను పట్టుకోండి, వెనక ఆకాశం రాకుండా నిలబడండి, చాలు.

ఆ ఎర్ర ఫోటోలో ఉండేది అసలు ఎర్రచందనమేనా అని కూడా నాకు అనుమానం. నల్లమద్ది బెరడు కూడా అట్లే పలకలుగా పగులుతాది. అందుకే మానుతో పాటు ఆకును కూడా ఒక ఫోటో కొట్టండి. ఎర్రచందనానికి ఒక్కో కాడకు సాధారణంగా మూడు గుండ్రటి ఆకులు, నల్లమద్దికి విడి ఆకు, పొడుగ్గా.

ఈ వీడియో చూసి లంకమలకో పాలకొండలకో పరిగెత్తొద్దు. పర్మిషన్ లేకుండా రిజర్వు అడవిలో అడుగు పెడితే కేసవుతాది. పట్టా భూముల్లో పెంచే రైతులు ఉండారు, అడిగి తీసుకోండి. లేత చెట్లకు పగుళ్లు అంత లోతు ఉండవు, పాత చెట్టు చూపించమని అడగండి. ఫోటో నాకు పంపేవాళ్లు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే కుదించి పగుళ్లన్నీ గళ్లు గళ్లు చేస్తాది. డాక్యుమెంటుగా పంపితే చెట్టు యాడుండాదో ఆ లొకేషన్ కూడా ఫైలుతోనే వస్తాది, ఎర్రచందనం విషయంలో అది ఎవరి చేతికి పోతాదో చెప్పలేం. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆఫ్ చేసినాకే తీయండి.