ఒకే రాడార్‌తో వానా విమానమూ: చిక్కు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం.

1985 ఆగస్టు 2న అమెరికాలోని డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో దిగబోతున్న డెల్టా 191 విమానం, ఉరుముల మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దిగిన బలమైన గాలిలో చిక్కుకుని కూలిపోయింది. 137 మంది చనిపోయారు. ఇలాంటి గాలిని ముందే పసిగట్టడానికి ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి ముఖ్యమైన విమానాశ్రయాల దగ్గర గాలి వేగాన్ని కొలిచే ప్రత్యేక డాప్లర్ రాడార్లు పెట్టారు. దేశమంతటా వానను చూసే రాడార్లు మరో 160 దాకా ఉన్నాయి. విమానాలను చూసేవి మళ్లీ వేరు. ఆకాశం ఒకటే కదా, ఇన్ని రకాల రాడార్లు ఎందుకన్న ప్రశ్న నుంచే ఈరోజు మన విషయం పుట్టింది: వాననూ విమానాన్నీ ఒకే ఫేజ్డ్ అర్రే రాడార్‌తో చూడొచ్చా అన్నది.

ఫేజ్డ్ అర్రే రాడార్‌లో డిష్ గిర్రున తిరగదు. ఒక పలక మీద వేల చిన్న యాంటెనాలు ఉంటాయి. ఒక్కోదాని సిగ్నల్ ఫేజ్‌ను, అంటే తరంగం ఎత్తుపల్లాల వరసను, కాస్త కాస్త మారిస్తే, పలక కదలకుండానే కిరణం దిశ మారుతుంది, అదీ మైక్రోసెకన్లలో. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాగీ యాంటెనాల రాడార్ 1990ల నుంచి పైగాలులను కొలుస్తోంది. అయితే దాని చూపు దాదాపు నిట్టనిలువుగా పైకే. దూరపు వానను, విమానాన్ని చూడాలంటే కిరణాన్ని దిగంతం వైపు వంచాలి.

ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్‌లో అమెరికా తీవ్ర వాతావరణ పరిశోధనాలయం ఈ పని మొదలుపెట్టింది. యుద్ధనౌకల కోసం చేసిన స్పై-1ఎ యాంటెనాను నౌకాదళం నుంచి తెచ్చి, వాతావరణ రాడార్ ట్రాన్స్‌మిటర్‌కు కలిపారు. 2004 నుంచి 2016 దాకా అది పనిచేసింది. మామూలు వాతావరణ రాడార్ ఆకాశాన్నంతా ఒకసారి చూడటానికి నాలుగైదు నిమిషాలు తీసుకుంటే, ఇది 90 డిగ్రీల మేర ఒక నిమిషంలోపే చూసేసింది. టోర్నడో నిమిషాల్లో పుట్టే చోట ఆ తేడా చాలా పెద్దది.

ఇక టైమ్ పంపకం సంగతి. వానను సరిగ్గా కొలవాలంటే ఒక్కో దిశలో పదుల పల్స్‌లు పంపి సగటు తీయాలి. సుమారు 50 మిల్లీసెకన్లు అనుకుందాం. ఒక పలకకు 90 దిశలు, 14 ఎత్తులు అంటే 1260 చూపులు, మొత్తం 63 సెకన్లు. విమానాశ్రయ రాడార్‌కేమో ప్రతి విమానమూ దాదాపు 5 సెకన్లకోసారి కనబడాలి. కాలువ నీళ్లు వంతుల వారీగా పొలాలకు వదిలినట్టు, యాంటెనా టైమ్‌ను వానకూ విమానానికీ పంచాలి. కష్టమే గానీ, కుదిరే పనే. ఖాళీ ఆకాశం మీద టైమ్ తగ్గించి, మేఘం ఉన్న చోట పెంచే పద్ధతులు నార్మన్‌లోనే పరీక్షించారు.

అసలు చిక్కు కొలతలో ఉందని నా గట్టి అభిప్రాయం. విమానం విషయంలోనైతే, అది అక్కడ ఉందా, ఉంటే ఎక్కడ అన్నదే ప్రశ్న. వాన అలా కాదు, ఎంత పడుతోందో చెప్పాలి. పెద్ద చినుకు కిందికి పడుతూ అడ్డంగా చదునవుతుంది. అందుకే అడ్డంగా, నిలువుగా రెండు ధ్రువణాల్లో (తరంగం ఊగే దిశను ధ్రువణం అంటారు) తరంగాలు పంపి, తిరిగొచ్చిన శక్తుల నిష్పత్తి చూస్తారు. ఇందులో 0.1 డెసిబెల్ స్థాయి కచ్చితత్వం కావాలి. అంటే రెండు శాతం పైచిలుకు తేడాను కూడా పట్టుకోవాలి. డిష్ ఎటు తిరిగినా దానికి ముందువైపు ముందువైపే, ఒకసారి సరిచూస్తే చాలు. పలక అలా కాదు. కిరణం పక్కకు వంగేకొద్దీ వెడల్పవుతుంది, 45 డిగ్రీల దగ్గర 1.4 రెట్లు. వంగిన చోట రెండు ధ్రువణాలూ ఒకదానికొకటి లంబంగా ఉండవు, వాటి బలాలూ సమానంగా ఉండవు. దిద్దకపోతే తప్పు కొన్ని డెసిబెల్‌ల దాకా పోతుంది. ప్రతి దిశకూ విడిగా దిద్దుబాటు పట్టిక కావాలి, యాంటెనాలను నడిపే వేల చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు వేడెక్కినా చల్లబడినా ఆ పట్టిక నిలబడాలి. స్పై-1ఎలో ఒకే ధ్రువణం కాబట్టి ఈ సమస్యను తేల్చే అవకాశమే లేదు. 2018లో దాని స్థానంలోకి వచ్చిన కొత్త రాడార్‌లో 4864 యాంటెనాలు, రెండు ధ్రువణాలు పెట్టింది ప్రధానంగా ఇందుకే.

మరో ఇబ్బంది కూడా ఉంది. చిన్న మాడ్యూళ్లకు ఒక్కసారిగా పెద్ద పవర్ ఇచ్చే శక్తి లేదు కాబట్టి పొడవైన పల్స్ పంపాలి. 80 మైక్రోసెకన్ల పల్స్ పంపుతున్నంతసేపూ రాడార్ వినలేదు, 12 కిలోమీటర్ల లోపల ఉన్నది కనబడదు. విమానం దిగేది సరిగ్గా అక్కడే! అందుకని దగ్గరి దూరాల కోసం చిన్న పల్స్ ఇంకొకటి కలుపుతారు.

ఇప్పుడు ఇంకో దారి చర్చలో ఉంది. చుట్టూ చూడటానికి నాలుగు వైపులా నాలుగు పలకలు పెట్టే బదులు ఒకే పలక పెట్టి దాన్ని తిప్పడం. ఖర్చు బాగా తగ్గుతుంది. కిరణం ఎక్కువసేపు పలకకు ఎదురుగానే ఉంటుంది కాబట్టి ధ్రువణం కొలతా బాగుంటుంది. కానీ వాన కోసం నెమ్మదిగా తిప్పితే విమానాలకు 5 సెకన్ల మాట నిలబడదు. రెండు పనులూ ఒకే యంత్రంతో అన్న ఆలోచన దగ్గరే ఇద్దరు వాడకందార్ల దారులు విడిపోతాయి. నన్నడిగితే, మన తీరంలో రాడార్లు మార్చే రోజు వస్తే ముందు వాన కొలతకే ఓటు వేస్తాను. విమానాల్లో ఉండే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం రాడార్ అడిగితే జవాబు చెబుతుంది, తుఫానుకు ట్రాన్స్‌పాండర్ లేదు.