ముందు పరుపు, తర్వాత మంచం

శ్రోతలందరికీ నమస్కారం.

కొత్త మంచం చేయించే ఆలోచనలో ఉన్నవాళ్లు, సొంతంగా రంపం పట్టి చేసుకుందామనుకునేవాళ్లు ఒక కాగితమూ పెన్నూ దగ్గర పెట్టుకోండి. కాసిని అంకెలు చెబుతాను.

టేకు మంచిదా, వేప మంచిదా, పాలిష్ ఏది వేయించాలి అన్న సంగతులు ఈ రోజు ఎత్తను. ఈ రోజు మాట ఒక్కటే, కొలత. పాలిష్ నచ్చకపోతే గీకి మళ్లీ వేసుకోవచ్చు. మంచం చుట్టూ చట్రంగా బిగించే చెక్కను, అంటే పట్టెను, పొట్టిగా కోశాక దాన్ని సాగదీసే విద్య ఏ మేస్త్రి దగ్గరా లేదు.

ముందు పరుపు కొనండి. తర్వాత మంచం చేయించండి. డబ్బు సర్దుబాటు కాక ఇప్పుడే కొనలేకపోతే, ఏ పరుపు కొనబోతున్నారో ఖాయం చేసుకుని దాని కొలత రాసుకోండి. దూది పరుపు దీనికి మినహాయింపు. దాన్ని మంచం కొలత ఇచ్చి కుట్టించుకోవచ్చు. ఫోము, స్ప్రింగు, కొబ్బరిపీచు పరుపులు మామూలుగా ఫ్యాక్టరీ కొలతల్లోనే తయారై వస్తాయి. వాటికి మంచమే సర్దుకోవాలి.

మన దగ్గర షాపుల్లో పరుపు పొడవులు సాధారణంగా మూడు: 72, 75, 78 అంగుళాలు. ఎక్కువగా కనిపించే వెడల్పులు నాలుగు: 36, 48, 60, 72. అందుకని మేస్త్రికి "క్వీన్ సైజు మంచం కావాలి" అని చెబితే సగం మాటే చెప్పినట్టు. వెడల్పు 60 అని ఆయనకు అర్థమవుతుంది. పొడవు మూడింట్లో ఏదో ఎవరికి తెలుసు?

ఇంకో చిక్కుంది. ఎక్కువ మంచాలు చెడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన వాడుకలో "ఆరున్నర బై ఐదు" అంటాం. నోటితో అన్నప్పుడు తప్పేం లేదు. ఆరున్నర అడుగులంటే 78 అంగుళాలు. అదే మాట కాగితం మీద 6.5 అయి కూర్చుంటుంది. ఆ చీటీ కోత మిషను దగ్గరున్న కుర్రాడి చేతికి వెళ్తుంది. అతను టేపు లాగి, 6 అడుగుల గీత దాటి 5 అంగుళాలు లెక్కపెట్టి గుర్తు పెడతాడు. అంటే 77. ఒక్క అంగుళం పోయింది. మంచం బిగించాక, పాలిష్ ఆరాక, పరుపు తెచ్చి వేస్తే ఒక కొస కిందికి దిగి, రెండో కొస పైకి లేచి నిలబడుతుంది. దాని మీద కూర్చుని అణిస్తే ఫోము పరుపు ఎలాగో దూరుతుంది గానీ, నడుమ ఉబ్బుతుంది. స్ప్రింగు పరుపు అసలు దూరదు. కుర్రాడి తప్పా? కాదు. చీటీ తప్పు. 6.25 కూడా అంతే. అది ఆరుంపావు అడుగులు, 75 అంగుళాలు. 6 అడుగుల రెండున్నర అంగుళాలు కాదు. అందుకని అడుగుల్లో రాయకండి, అంగుళాల్లో రాయండి. 78, 60. చుక్కలు వద్దు.

ఇప్పుడు లోకొలత, అంటే పట్టెల మధ్య కొలత. పరుపు కొలత వేరు, మంచం లోకొలత వేరు, మంచం బయటి కొలత వేరు. మూడూ విడివిడిగా రాయాలి. 78 × 60 పరుపు తీసుకుందాం. చుట్టూ అన్నివైపులా అర అంగుళం సందు కావాలి. పొడవులో రెండు అరలు, వెడల్పులో రెండు అరలు. కాబట్టి లోకొలత 79 × 61. పట్టె మందం అంగుళంన్నర అయితే అటొకటి ఇటొకటి కలిసి 3 అంగుళాలు. బయటి కొలత 82 × 64. గదిలో పట్టేది చూసుకోవలసింది ఈ 82, 64తోనే. చాలామంది పరుపు కొలతతో గది లెక్క వేసుకుని, తీరా అల్మరా తలుపు తెరుచుకోక ఇబ్బంది పడతారు.

అర అంగుళమే ఎందుకంటే, దుప్పటి అంచు దోపడానికి వేళ్లు దిగాలి. ఫ్యాక్టరీ పరుపు కూడా చెప్పిన కొలతకు కొద్దిగా అటూ ఇటూ రావచ్చు. అలాగని సందు రెండంగుళాలు ఉంచకండి. పరుపు జరుగుతూ ఉంటుంది. చంటిపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. ఆ సందులో బిడ్డ చెయ్యో ముఖమో ఇరుక్కుంటే క్షణాల్లో కొంప మునుగుతుంది. దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి.

ఇంట్లో ఉన్న పాత పరుపుకే మంచం చేయిస్తున్నారా? చదునైన నేల మీద పరిచి, తలవైపు, నడుమ, కాళ్లవైపు మూడు చోట్ల వెడల్పు కొలవండి. పొడవు కూడా మూడు చోట్ల. అన్నిటికన్నా పెద్దదే తీసుకోండి. చుట్టగా వచ్చిన కొత్త ఫోము పరుపైతే విప్పగానే కొలవకండి. ఒక రోజంతా పరిచి ఉంచాక టేపు పెట్టండి. అప్పటిదాకా అది ఇంకా పొంగుతూనే ఉంటుంది.

మంచం కోళ్ల, అంటే కాళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. కోడు 3 అంగుళాల చదరం, పట్టె అంగుళంన్నర మందం. పట్టెను కోడు బయటి ముఖానికి సమంగా బిగిస్తే, కోడు లోపలికి అంగుళంన్నర పొడుచుకొస్తుంది. లోకొలత పట్టెల మధ్య సరిగ్గానే ఉంటుంది, నాలుగు మూలల్లో మాత్రం పరుపు ఇరుక్కుంటుంది. పట్టెను కోడు లోపలి ముఖానికి సమంగా బిగించమనండి. అప్పుడు కోళ్లు బయటికి అంగుళంన్నర పొడుచుకొస్తాయి కాబట్టి, గది లెక్కకు బయటి కొలత 85 × 67 అని రాసుకోండి. లేదా కోడును, పరుపు కింద పరిచే ప్లైవుడ్ కిందికే ఆపేయమనండి.

ఎత్తు. 6 అంగుళాల పరుపు, అందులో 2 అంగుళాలు పట్టెల మధ్య దిగి, 4 పైకి ఉంటే బాగుంటుంది. అంతకన్నా లోతుగా దింపితే కూర్చున్నప్పుడు పట్టె అంచు తొడ కింద ఒత్తుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటే ఇంచుమించు అర అంగుళం. కాబట్టి పట్టె పైఅంచు నుంచి రెండున్నర అంగుళాలు కిందికి గీత గీసి, ఆ గీతకు రీపరు, అంటే ప్లైవుడ్‌ను మోసే సన్న చెక్క, పైముఖం ఆనేలా బిగించాలి. ప్లైవుడ్ నేల నుంచి 14 అంగుళాల ఎత్తున ఉంటే, పరుపుతో కలిపి 20 అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే ఇంకో రెండంగుళాలు తగ్గించండి.

ప్లైవుడ్ షీటు 96 × 48 వస్తుంది. మన లోకొలతకు ఒక్క షీటు చాలదు, రెండు తప్పవు. అతుకు పడిన చోట కింద అడ్డబద్ద ఉండి తీరాలి. లేకపోతే అక్కడే కుంగుతుంది. గాలి ఆడడానికి అంగుళం బెజ్జాలు వేయించండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇది మరీ అవసరం, పరుపు అడుగున బూజు పడుతుంది.

మేకులు, బోల్టులు గట్టిగా బిగించే ముందు కర్ణాలు కొలవండి. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు. 79 × 61 లోకొలతకు కర్ణం 100 అంగుళాలకు కాస్త తక్కువ వస్తుంది. అంకె కన్నా ముఖ్యం, రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే చట్రం వాలిందన్నమాట. పొడవుగా వచ్చిన కర్ణం రెండు మూలల్ని దగ్గరికి నెట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు బిగించండి.

ఇక, ఇప్పటికే 77 అంగుళాల మంచం ఇంట్లో ఉన్నవాళ్ల మాటేమిటి? దిగులుపడకండి. కాళ్లవైపు పలక పట్టెలకన్నా ఎత్తుగా లేకపోతే దారి ఉంది. రీపర్ల మీద 2 అంగుళాల దిమ్మలు పెట్టి, ప్లైవుడ్‌ను పట్టెల పైఅంచుకు సమంగా లేపండి. లోకొలత 77కు కాళ్లవైపు పలక మందం అంగుళంన్నర కలిస్తే 78న్నర. మీ 78 పరుపు పట్టెల మధ్య కాక, పట్టెల పైన హాయిగా పడుకుంటుంది. జారకుండా కింద రబ్బరు జాలీ గుడ్డ పరచండి. ఎత్తు 2 అంగుళాలు పెరిగింది కాబట్టి, కోళ్ల అడుగున అంతే కోయించండి. నాలుగు కోళ్లకూ ఒకే గీత పెట్టించి కోయించండి.

సెలవు.