చెంబుతో తోడకండి: ఓవర్‌క్లాక్ చేసినా చప్పుడు చేయని కంప్యూటర్

మొన్న రాత్రి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టేశాను, అయినా గుయ్యిమంటోంది, ఇంకా ఏ ఫ్యాన్లు కొనమంటావ్?" అని. ఆ గుయ్యిమనే చప్పుడు ఫోన్‌లోనే నాకు వినిపిస్తోంది. ఈ ప్రశ్న ఎన్నోసారి విన్నానో లెక్క లేదు, ప్రతిసారీ వరస ఒకటే: ముందు పార్ట్స్ అన్నీ కొనేస్తారు, తర్వాత ఓవర్‌క్లాక్ చేస్తారు, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి నడిపిస్తారు, ఆ తర్వాత చప్పుడు భరించలేక డబ్బా మీద "సైలెంట్" అని రాసున్న ఫ్యాన్లు కొంటారు. చప్పుడు వచ్చేది ఫ్యాన్ నుంచే, కాదనను. కానీ దాన్ని అంత వేగంగా తిప్పిస్తున్నది ప్రాసెసర్‌కి మీరు ఇచ్చిన వోల్టేజ్. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే.

ఓవర్‌క్లాక్ ఎలా చేయాలి, మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని పెంచే అంకె) ఎక్కడుంటుంది, బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగుల్లోకి ఎలా వెళ్లాలి, ఇవన్నీ మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నా.

[తెర మీద: తొట్టి, పైన కుళాయి, అడుగున తూము]

ఇదిగో, ఒక నీళ్ల తొట్టి. పైన కుళాయి విప్పి ఉంది, అడుగున తూము ఉంది. కుళాయిలోంచి పడే నీళ్లు మీ ప్రాసెసర్ తాగే వాట్లు, అవన్నీ చివరికి వేడే. తొట్టిలో నీటి మట్టం మీకు తెర మీద కనిపించే ఉష్ణోగ్రత. మట్టం పెరిగేకొద్దీ తూములోంచి నీళ్లు ఇంకా జోరుగా పోతాయి కదా, అలా పెరిగి పెరిగి, ఎంత పడుతోందో అంతే పోయే చోట మట్టం ఆగిపోతుంది. మీ ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర నిలబడిందంటే అర్థం అదే, అది మండిపోతోందని కాదు.

ఇప్పుడు మట్టం తగ్గించాలి. మూడే దారులు. కుళాయి కాస్త కట్టేయొచ్చు. తూము పెద్దది చేయొచ్చు. లేదా ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టి చెంబుతో తోడించొచ్చు. ఆ చెంబు తొట్టికి తగిలి టంగు టంగుమని మోగుతుంది చూశారా, అదీ మీ ఫ్యాన్ చప్పుడు. మనవాళ్లు కుళాయి జోలికి పోరు, తూము చూడరు, ఇంకో చెంబు కొంటారు. అది ఎల్‌ఈడీ లైట్లున్న చెంబు అయితే మరీ ఇష్టం.

ముందు కుళాయి సంగతి. ప్రాసెసర్ తాగే కరెంటు వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంలో పెరుగుతుంది. మొత్తం కథ ఇక్కడే ఉంది కాబట్టి ఒక లెక్క చేద్దాం. 5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో హాయిగా నడుస్తున్న చిప్‌ని 5.2కి తీసుకెళ్లారు, అక్కడ నిలబడాలంటే 1.30 వోల్టులు కావాల్సి వచ్చింది అనుకోండి. వేగం 4 శాతం పెరిగింది. కరెంటు? 1.04ని 1.17తో గుణించండి, దాదాపు 22 శాతం. 150 వాట్లది 183 అయింది, లీకేజీ, అంటే చిప్‌లో ఊరికే కారిపోయే కరెంటు, కలిపితే ఇంకా ఎక్కువే. ఆ 4 శాతం వేగం ఆటలో మీ కంటికి ఆనదు, ఆ 33 వాట్లు మాత్రం మీ చెవికి ఆనుతాయి.

ఇందులో ఇంకో దొంగ ఉన్నాడు, ఆటో వోల్టేజ్. మల్టిప్లయర్ పెంచి వోల్టేజ్ ఆటోలో వదిలేస్తే చాలా మదర్‌బోర్డులు, ఎందుకైనా మంచిదని, అవసరానికి మించి ఇచ్చేస్తాయి. ఏ చిప్ వచ్చినా హ్యాంగ్ అవకూడదని వాటి టెన్షన్ వాటిది. మా వాడి కంప్యూటర్‌లో చూస్తే 1.38 ఉంది. వేగం ఒక్క 100 మెగాహెర్ట్జ్ తగ్గించి, వోల్టేజ్ మెట్టు మెట్టుగా దించుకుంటూ వచ్చాం, 1.25 దగ్గర కూడా రాత్రంతా టెస్ట్ నడిచింది. ఒక్క వోల్టేజ్ లెక్కలోనే 18 శాతం పోయింది, ఒక్క స్క్రూ కూడా విప్పకుండా.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక ప్రాసెసర్ ఉండేది, బస్‌ని, అంటే మల్టిప్లయర్ గుణించే మూల వేగాన్ని, 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450 దగ్గర నడిచేది, చాలావాటికి వోల్టేజ్ కూడా ముట్టుకోనక్కర్లేదు. 50 శాతం ఊరికే! ఓవర్‌క్లాకింగ్ గురించి మనకున్న మోజంతా ఆ రోజుల నుంచి వచ్చిందే. ఇప్పుడు ఆ మిగులంతా కంపెనీలే ముందుగా వాడేసి అమ్ముతున్నాయి. ఏఎండీ వాళ్ల రైజెన్ 7950ఎక్స్ అసలు 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారైంది, 230 వాట్ల దాకా తాగుతుంది. కుళాయి పూర్తిగా విప్పి మరీ మన చేతికిస్తున్నారు. అందుకే ఈ కాలంలో తెలివైన ఓవర్‌క్లాక్ అంటే వోల్టేజ్ తగ్గించడం. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ చేసేది ఇదే: ప్రతి కోర్‌కీ ఇంత వేగానికి ఇంత వోల్టేజ్ అనే గీతని కిందకి దించుతారు, మిగిలిన వెసులుబాటుతో చిప్ తనంతట తానే ఇంకాస్త పైకి వెళ్తుంది. వేగమూ పెరుగుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఇది చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కాబట్టి ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు రెండే చూడండి. లాక్ లేకుండా ఉందా, తాగేది ఎంత. ఇంటెల్‌లో పేరు చివర కె ఉండాలి, మదర్‌బోర్డ్ చిప్‌సెట్ పేరు జెడ్‌తో మొదలవ్వాలి, బి తీసుకుంటే ర్యామ్ వేగం తప్ప ప్రాసెసర్ వేగం కదలదు. ఏఎండీలో డెస్క్‌టాప్ రైజెన్లు దాదాపు అన్నిటికీ లాక్ ఉండదు, చిప్‌సెట్ బి అయినా ఎక్స్ అయినా చాలు, ఏ620 లాంటివి వద్దు. చిప్ మీద అదనపు క్యాష్ మెమరీ ఉండే ఎక్స్3డీ రకాల్లో మెలిక ఉంది: 5800ఎక్స్3డీకి మల్టిప్లయర్ లాక్ వేశారు, 9800ఎక్స్3డీకి తీసేశారు. ఇక వాట్లంటారా, ఒకే తరంలో 9700ఎక్స్ మామూలుగా 88 వాట్ల దగ్గర ఆగుతుంది, 9800ఎక్స్3డీ 162 దాకా వెళ్లగలదు. నిశ్శబ్దం ముఖ్యమైతే మొదటి రకంతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. పెద్దది కొని కిందకి లాగడం కూడా పద్ధతే, నేను కాదనను, కానీ అలా కొన్నవాళ్లెవరూ కిందకి లాగగా నేను చూడలేదు.

[తెర మీద: అదే తొట్టి, తూము దగ్గరగా]

ఇప్పుడు తూము. ఫ్యాన్ల గురించి ఒక సూత్రం ఉంది, ఉజ్జాయింపే అయినా బాగా పనికొస్తుంది: తిరిగే వేగం సగం చేస్తే గాలి సగం అవుతుంది, చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు చూడండి తమాషా. 1200 ఆర్‌పీఎంలో ఒక ఫ్యాన్ తిరుగుతోంది. దాని బదులు అలాంటివే రెండు పక్కపక్కన పెట్టి 600లో తిప్పండి. గాలి దాదాపు అంతే. రెండోది చేరినందుకు 3 డెసిబెల్స్ పెరుగుతాయి, వేగం తగ్గినందుకు 15 పోతాయి, నికరంగా 12 లాభం. ఒక మనిషి కంగారుగా తోడే బదులు ఇద్దరు నింపాదిగా ముంచి పోస్తే చెంబు మోగదు, అంతే సంగతి. ఫ్యాన్ ఎక్కువైతే చప్పుడు ఎక్కువ అనే భయం సగం మందికి ఉంది, అది పూర్తిగా తిరగబడిన లెక్క. 120 కంటే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ మంచిదనేది కూడా ఇందుకే, వైశాల్యం 36 శాతం ఎక్కువ.

సరే, మరి లిక్విడ్ కూలర్? మా వాడు వాదించాడు, "నీళ్లున్నాయి కదా, చల్లగా ఉండాలి కదా" అని. నీళ్లు వేడిని తినేయవురా నాయనా, మోసుకెళ్తాయి. తొట్టిని పెద్దది చేశావు, నిండటానికి ఎక్కువసేపు పడుతుంది, కానీ తూము మారకపోతే చివరికి చేరే మట్టం అదే. అందుకే లిక్విడ్ పెట్టిన కొత్తలో పది నిమిషాలు చాలా బాగుంటుంది, గంట ఆడాక మళ్లీ గుయ్యి. రేడియేటర్ పెద్దదైతే తూము కూడా పెద్దదే, ఒప్పుకుంటాను, బాగా వాట్లు తాగే చిప్‌కి దానితో పనుంది. కానీ దానికి ఒక పంప్ ఉంటుంది, అది ఫ్యాన్‌లా ఆగేది కాదు, ఏ పనీ లేనప్పుడు కూడా సన్నగా గీపెడుతూనే ఉంటుంది. 150 వాట్ల లోపు అయితే నా ఓటు రెండు టవర్ల ఎయిర్ కూలర్‌కే. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 వచ్చింది 2014లో, ఇప్పటికీ జనం దాన్నే కొలమానంగా పెట్టుకుంటున్నారంటే ఊరికే కాదు. ఇనుప దిమ్మలా ఉంటుంది, చూడ్డానికి బాగోదు, కొనే ముందు క్యాబినెట్‌లో పడుతుందా, ర్యామ్‌కి అడ్డం వస్తుందా అని స్కేలు పెట్టి మరీ కొలుచుకోండి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, తొట్టి బొమ్మలో దాన్ని కూడా గీస్తాను. మీ కూలర్ ఎంత పెద్దదైనా, ఆ వేడంతా పుట్టేది గోరంత సిలికాన్ ముక్కలో. రైజెన్ 7000 తరంలో (జెన్ 4) కోర్లుండే ముక్క దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లు, అంతే. అంటే నిజానికి ఒక చిన్న గిన్నె ఉంది, దాని నుంచి ఇరుకు గొట్టం ఒకటి పెద్ద తొట్టిలోకి వెళ్తోంది. గిన్నె పొంగుతోందని తొట్టి దగ్గర చెంబులు మోగించి లాభమేంటి? ఫ్యాన్‌ని 1000 నుంచి 1800కి పెంచినా ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలకు మించి దిగట్లేదంటే, మీరు ఆ గొట్టం దగ్గర ఇరుక్కున్నారన్నమాట. అక్కడితో ఆగిపోండి. ఫ్యాన్ తగ్గించండి, ఆ మూడు డిగ్రీలు వదిలేయండి. 85 డిగ్రీలు చూసి కంగారు పడకండి, చిప్‌ని అరగదీసేది ముఖ్యంగా వోల్టేజ్. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌ల గొడవ గుర్తుందిగా, అవసరానికి మించిన వోల్టేజ్ వల్లే చిప్‌లు దెబ్బతింటున్నాయని చెప్పి, చిప్‌ని లోపల నడిపించే మైక్రోకోడ్ మార్చి, వారంటీ రెండేళ్లు పెంచారు.

అబ్బా, టైమ్ అప్పుడే ఇంత అయిపోయింది. క్యాబినెట్ త్వరగా చెప్పేస్తా.

మా వాడి క్యాబినెట్‌కి ముందువైపు నిలువెత్తు అద్దం. దాని వెనక మూడు ఫ్యాన్లు, గాలి రావడానికి పక్కన వేలెడు సందు. గేమ్ నడుస్తుండగా ఆ అద్దం ఊడదీసి మంచం మీద పెట్టమన్నాను. "అన్నయ్యా, దానంతట అదే తగ్గిపోతోంది!" అన్నాడు, నాకూ వినిపించింది, గుయ్యి కాస్తా మెల్లగా సన్నబడింది. తూము దాటాక కాలువ పూడిపోయి ఉంటే తూము ఎంత పెద్దదైనా నీళ్లు ఎక్కడికి పోతాయి? లోపల స్పాంజి అంటించిన "సైలెంట్" క్యాబినెట్లు కూడా ఇదే కోవలోవి, కీచుమనే శబ్దాలని కాస్త ఆపుతాయి నిజమే, కానీ గాలిని కూడా ఆపుతాయి, ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి అది నష్టం బేరం. ముందు జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు 140లు, వెనక ఒకటి, చాలు.

గ్రాఫిక్స్ కార్డ్: చాలామంది కంప్యూటర్లలో ఎక్కువ చప్పుడు చేసేది నిజానికి ఇదే, ప్రాసెసర్‌ని తిడుతుంటారు. ఒకే చిప్‌తో వచ్చే కార్డుల్లో లావుగా, మూడు ఫ్యాన్లున్నది తీసుకుని పవర్ లిమిట్ కాస్త దించండి, కారణం పైన చెప్పిన వర్గం లెక్కే. మదర్‌బోర్డ్‌లో వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే భాగం) మీద మంచి దిమ్మ లాంటి హీట్‌సింక్ ఉండాలి, బుల్లి ఫ్యాన్ ఉండకూడదు. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ మీద అలాంటిదొకటి పెట్టారు, దోమలా మోగేది. పవర్ సప్లై అవసరానికి కాస్త మించి, కరెంటు తక్కువ వృథా చేసే గోల్డ్ రేటింగ్‌తో, తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయేది చూడండి. హార్డ్ డిస్క్ వద్దు: 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 చుట్లు, ఆ 120 హెర్ట్జ్ బూమ్ అని టేబుల్‌తో సహా పాడుతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి. ర్యామ్ మీ ఇష్టం, కూలర్‌కి తగలకుండా పొట్టిది.

ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత, దాన్ని మాత్రం మర్చిపోవద్దు. ఆధునిక చిప్ బ్రౌజర్ తెరిచినా ఒక్క క్షణం 20 డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెత్తి వెనక్కి వస్తుంది, ఊమ్, మళ్లీ ఊమ్. ఒకే తీరుగా ఉండే చప్పుడు చెవికి అలవాటవుతుంది, ఇది ఎన్నటికీ అవదు. బయోస్‌లో ఫ్యాన్ స్పందించడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి, 70 డిగ్రీల దాకా గీత అడ్డంగానే ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా ఏదో మోగుతుంటే, ఒక్కో ఫ్యాన్ మధ్యలో స్టిక్కర్ ఉండే చోట వేలితో మెల్లగా నొక్కి క్షణం ఆపి చూడండి, రెక్కల్ని ముట్టుకోకుండా, ఏది ఆగితే చప్పుడు ఆగిందో అదే దొంగ. అన్నీ ఆగినా కీ... అని సన్నటి కూత వస్తోందంటే అది కాయిల్ వైన్, కరెంటు పోయే తీగచుట్టలు వణికే శబ్దం, చాలావరకు గ్రాఫిక్స్ కార్డ్‌ది. ఇన్నాళ్లూ ఫ్యాన్ల హోరులో కలిసిపోయి వినపడలేదు. ఏ కూలరూ దాన్ని ఆపలేదు. ఫ్రేమ్ రేట్‌ని మీ మానిటర్ రిఫ్రెష్ రేట్ దగ్గర కట్టేస్తే చాలాసార్లు తగ్గుతుంది, తగ్గకపోతే మార్చుకునే గడువు దాటకముందే కార్డు వెనక్కి ఇచ్చేయండి. మా వాడిది ఇప్పుడు అక్కడ ఆగింది.