మోకాళ్ల మీద సవారీకి ఫిన్లు: ఎక్కడ కోయాలి, ఎక్కడ ఆగాలి

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఫిన్లు, అంటే ఈతకు పాదాలకు తొడుక్కునే రెక్కలు, వెంట తెచ్చుకున్నారు, సంతోషం. కొందరి చేతుల్లో కత్తులు కూడా కనిపిస్తున్నాయి. వాటిని కాసేపు పక్కన పెట్టమని అడగడానికే ఈ పావుగంట తీసుకుంటున్నాను.

ఈత ఫిన్లు తయారుచేసేవాళ్ల లెక్కలో ఉండేది ఈతగాడు. అతని కాళ్లు నీళ్లలోనే ఉంటాయి, ఆడుతూనే ఉంటాయి. మోకాళ్లు మోపి అలల మీద సవారీ చేసే నీబోర్డు (kneeboard) మీద మన సంగతి వేరు. అల అందేదాకా మనమూ ఈతగాళ్లమే. అందిన మరుక్షణం మోకాళ్లు ముడిచి బోర్డు మీదికి లాగి, మడమల మీద కూర్చుంటాం. అంతవరకు మనల్ని తోసిన ఫిన్లు ఇక మోత బరువే. అరికాళ్లు ఆకాశం వైపు తిరుగుతాయి, పాదం పైభాగం బోర్డుకు నొక్కుకుపోతుంది, బ్లేడ్లు (పాదం తొడుగు దాటి ముందుకు సాగే ఫిన్ పలకలు) బోర్డు తోక దాటి వెనక్కి పొడుచుకొస్తాయి. పక్కకు వాలి మలుపు తిప్పితే బ్లేడు బయటి మూల నీళ్లలో దిగబడి వేగాన్ని లాగేస్తుంది. ఈ రెండో భంగిమకు పనికొచ్చేలా ఫిన్‌ను మార్చుకోవాలి, మొదటి భంగిమలో తోపు తగ్గకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

చరిత్ర చూసినా అంతే. 1933లో ఫ్రాన్స్‌లో లూయీ ద కోర్లియు పేటెంట్ తీసుకున్నది ఈత కోసం. అమెరికాలో రబ్బరు ఫిన్లను అమ్మకానికి తెచ్చిన ఓవెన్ చర్చిల్ 1932 ఒలింపిక్స్ తెరచాప పడవల పందెంలో స్వర్ణం గెలిచినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఫిన్లను నౌకాదళ ఈతగాళ్లు తొడుక్కున్నారు. కాలిఫోర్నియావాడు జార్జ్ గ్రీనో 1960లలో నడుమ గుల్లగా ఉన్న పొట్టి బోర్డు మీద మోకాళ్లపై కూర్చుని తిప్పిన మలుపులు చూశాకే, నిలబడి సవారీ చేసేవాళ్లు కూడా తమ బోర్డులు పొట్టి చేసుకోవడం మొదలుపెట్టారు. బోర్డుల రూపం అలా మారిపోయింది కానీ, అంగడిలో దొరికే ఫిన్ మాత్రం నేటికీ ప్రధానంగా ఈతగాడిదే.

కొత్తగా ఈ పనికి దిగినవాళ్లు ముందు బ్లేడు కోస్తారు. నా దృష్టిలో అది చివర చేయాల్సిన పని. మొదట చూడాల్సింది పాదం తొడుగు. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువులో పెద్ద వాటా పాదాల మీదికే వస్తుంది. అప్పుడు తొడుగు పై అంచు ఎక్కడ కొరుకుతుందో తెలియాలంటే సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. ఫిన్లు తొడుక్కుని, బోర్డును పరుపు మీద పెట్టి, దాని మీద పది నిమిషాలు కూర్చోండి. తర్వాత విప్పి చూస్తే చర్మం మీద ఎర్రటి గీత ఉంటుంది. ఆ గీత ఉన్నచోటే పని. చాలాసార్లు కోత అవసరమే ఉండదు. ఆ అంచు లోపలి వైపును గరుకు కాగితంతో ఏటవాలుగా అరగదీసి గుండ్రం చేస్తే చాలు, పలచని నియోప్రీన్ (మెత్తటి కృత్రిమ రబ్బరు) సాక్సు మిగతాది చూసుకుంటుంది.

కోయక తప్పదంటే ఒక జాగ్రత్త. కోత చివర మొనదేలి ఆగితే, కాలు ఆడించిన ప్రతిసారీ లాగుడంతా ఆ మొన దగ్గరే పోగవుతుంది. మొదట వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది, ఆపైన ఓ మంచి అల రోజున తొడుగు చీలిపోతుంది. అందుకే కోత ఆగాల్సిన చోట ముందుగా గుండ్రటి రంధ్రం చేసి, దాని దాకానే కోయాలి. మూలలు తిరిగే చోట కూడా ఇదే సూత్రం.

ఇప్పుడు బ్లేడు. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. బ్లేడు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనంతో పెరుగుతుంది. మందం సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి బ్లేడు ఉపరితలాన్ని అరగదీసేటప్పుడు చెయ్యి అదుపులో ఉండాలి. పొడవు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల బ్లేడును పదహారుకు తగ్గిస్తే, అదే బలానికి కొస వంగేది దాదాపు సగమే. అంటే పొట్టి చేసిన ఫిన్ బిరుసెక్కుతుంది. మరోపక్క నీళ్లను తోసే వైశాల్యమూ తగ్గింది. కాళ్లు ఎక్కువసార్లు ఆడించాలి, పిక్కలు త్వరగా పట్టేస్తాయి. ఈ రెండూ తెలియకుండా కోసినవాళ్లు ఫిన్‌ను తిడతారు.

అందుకని నేను చెప్పేది, పొడవు జోలికి పోకముందు బయటి మూలలను గుండ్రం చేయండి. నీళ్లలో దిగబడేది అవే. అట్ట మీద ఒక ఆకారం కత్తిరించుకుని, కుడి ఫిన్‌కు గీసి, అదే అట్టను తిరగేసి ఎడమదానికి గీయండి. కొత్త బ్లేడున్న కత్తిని సబ్బునీళ్లలో ముంచితే రబ్బరు పట్టేయకుండా జారుతుంది. ఒక్క వేటుకు కోయాలని చూడకండి, అదే గీత మీద తేలిగ్గా నాలుగైదుసార్లు లాగండి. అరగదీసేటప్పుడు తడిగా ఉంచండి, లేకపోతే రబ్బరు వేడెక్కి కాగితానికి అంటుకుంటుంది. పొడి రబ్బరు అరగదీస్తే ముఖానికి మాస్కు తప్పనిసరి. ఆ తర్వాత నీళ్లలో దిగి చూడండి. ఇంకా తీయాలనిపిస్తే మళ్లీ తీయవచ్చు, తీసింది అతకడం మాత్రం మన వల్ల కాదు.

వేడినీళ్లలో నానబెట్టి ఫిన్‌ను కావలసిన ఆకారానికి వంచవచ్చని కొందరంటారు. కొన్ని ప్లాస్టిక్ ఫిన్ల విషయంలో అది కొంత నిజం. గంధకంతో కాల్చి గట్టిపరచిన రబ్బరు మాత్రం చల్లారగానే పాత ఆకారానికే వస్తుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ పొందిన ప్రక్రియ గొప్పతనమే అది.

మడమ పట్టీకి బకిల్ ఉంటే, మడమల మీద కూర్చున్నప్పుడు అది ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. దాన్ని బయటి పక్కకు జరపండి, లేదా అసలు బకిల్ లేని రకమే కొనండి. పట్టీలోంచి సన్నని తాడు తీసి చీలమండకు కట్టుకోవడం మరవకండి. చేతులతో ఎంత ఈదినా, ఒక ఫిన్ పోయినవాడికి ఆ రోజు అలలు అందడం కష్టమే.

ఇక బల్ల దగ్గరికి రండి. కత్తి ముట్టుకోకముందు అందరూ ఫిన్లు తొడుక్కుని పది నిమిషాలు మోకాళ్ల మీద కూర్చోవాలి. పరుపులు వెనక గదిలో ఉన్నాయి.