శీర్షిక వెనుక గ్రేడియంట్: తెలుగు పేజీకి తగిన పద్ధతి

సభకు నమస్కారం. దసరా దగ్గరపడేసరికి విజయనగరంలోని డీటీపీ కేంద్రాలకు సిరిమానోత్సవం కరపత్రాల పని వచ్చి పడుతుంది. శీర్షికల వెనుక పసుపు నుంచి కుంకుమ రంగుకు క్రమంగా మారే గ్రేడియంట్ పట్టీ కావాలని అడిగేవారు అందులో చాలామంది.

ఆ పట్టీని విడి పెట్టెగా గీసి అక్షరాల వెనక్కి పంపడం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ నాటి అలవాటు. అందులో గ్రేడియంట్ నింపే సదుపాయం లేక, పట్టీని వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసి తెచ్చుకోవలసి వచ్చేది. అయితే పైనున్న వార్త రెండు పంక్తులు పెరిగితే శీర్షిక కిందికి జరుగుతుంది, పట్టీ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. అందుకే ఇప్పటి పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పనిచేసేవారు పట్టీని శీర్షిక ప్యారాగ్రాఫ్ స్టైల్‌లోనే (శీర్షిక రూపానికి ఒకసారి భద్రపరచి మళ్లీ మళ్లీ వాడే అమరికలో) భాగం చేయాలని గట్టిగా కోరుతున్నాను. ముందుగా గ్రేడియంట్‌ను స్వాచ్‌గా (పేరు పెట్టి దాచుకునే రంగుగా) భద్రపరచి, స్టైల్‌లోని ప్యారాగ్రాఫ్ రూల్స్‌లో ‘రూల్ ఎబోవ్’ అనే గీతకు ఆ స్వాచ్‌నిచ్చి, గీత మందాన్ని అక్షరాల ఎత్తుకు మించి పెంచి, ఆఫ్‌సెట్‌ను (అక్షరాల పంక్తి నుంచి గీత ఎంత ఎత్తున ఉండాలో చెప్పే కొలతను) సున్నా కంటే తగ్గిస్తే ఆ గీతే అక్షరాల వెనుక పట్టీగా నిలుస్తుంది, శీర్షిక ఎటు జరిగితే అటు జరుగుతుంది. గీత మందం స్థిరం కాబట్టి రెండు పంక్తుల శీర్షికలకు మరో స్టైల్ చేసుకోవాలి.

ఇంగ్లీషు శీర్షికల కోసం చెప్పిన కొలతలు మనకు చాలవు. ‘శ్రీ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం’ అన్న శీర్షికనే చూడండి. ‘శ్రీ’లోని రవత్తు, ‘పై’లో ఐత్వం కింది భాగం, ఆపైన ల్లి, మ్మ, త్స వత్తులు కలిపి ఐదు చోట్ల అక్షరం పంక్తి కిందికి దిగుతుంది. పట్టీ పంక్తి దగ్గరే ఆగితే వత్తులు సగం రంగు మీద, సగం కాగితం మీద పడతాయి. తెల్ల అక్షరాలైతే ఆ కింది సగం కనిపించనే కనిపించదు. కాబట్టి ఆఫ్‌సెట్‌ను ఇలాంటి శీర్షిక మీద సరిచూసి, వత్తు అంచు దిగువన కొంత రంగు మిగిలేలా ఖాయం చేసుకోవాలి.

రంగుల విషయంలో, పసుపు సిరాను రెండు చివరలా 100 శాతం ఉంచి మజెంటా అనే ముదురు గులాబీ సిరాను మాత్రమే 0 నుంచి 100కు పెంచితే నడిమి రంగులు శుభ్రంగా వస్తాయి. ఎరుపు నుంచి ఆకుపచ్చకు వెళ్తే మాత్రం నడుమ బురద రంగు తేలుతుంది. ఈ పట్టీ మీద తెల్ల అక్షరాలు పసుపు చివర కరిగిపోతాయి. పైగా ముద్రణలో ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లు కాస్త అటూ ఇటూ అయినా సన్నని వత్తుల్లోకి రంగు పాకుతుంది. నలుపు అక్షరాలు రెండు చివరలా చదవగలిగేలా ఉంటాయి. ఓవర్‌ప్రింట్‌గా, అంటే కింది రంగును తీసేయకుండా దాని మీదే నలుపు పడేలా ఉంచితే వాటి చుట్టూ తెల్లని సందు కూడా పడదు.